నాన్న పాసైన చెవి పరీక్ష

ఈ మధ్య మా కాలేజీకి పేపర్ల పిచ్చి పట్టింది. ఒకప్పుడు సూరత్‌లో ఎవరిని కదిపినా చీరల బేరమే. ఇప్పుడు మా స్టాఫ్ రూములో ఎవరి పరిశోధన ఏ జర్నల్‌లో వచ్చిందన్నదే ముచ్చట. పేపర్ అచ్చయితే తప్ప నా పీహెచ్‌డీ థీసిస్ తీసుకోరు. నా పేపర్ మరమగ్గాల చప్పుడు మీద. తెలంగాణ నుంచి వచ్చిన మా మగ్గం కార్మికులను మేముండే వడోద్ బస్తీలో ఒక గదిలో కూర్చోబెట్టి చెవులు పరీక్షించాను. నేను మీట నొక్కితే హెడ్‌ఫోన్‌లో కూత వస్తుంది, వినబడితే చెయ్యెత్తాలి. దాదాపు అందరూ ఎత్తారు. మా నాన్న అయితే ఒక్కటీ తప్పలేదు. చప్పుడుతో చెవులకు పెద్ద నష్టమేమీ లేదని రాసేశాను.

"సాయంత్రం నీ పేపర్ జర్నల్‌కు పంపేస్తున్నా. అందరివీ వచ్చేశాయి, నువ్వే వెనకబడ్డావు," అని గైడు సారు పొద్దున్నే ఫోన్ చేశాడు.

మధ్యాహ్నం నాన్న గుమ్మంలో కూర్చుని చెప్పులు తుడుచుకుంటున్నాడు. వంటింట్లోంచి అమ్మ పిలిస్తే పలకలేదు. అమ్మ విసుక్కోలేదు. వచ్చి ఎదురుగా నిలబడి, పెదాలు సాగదీస్తూ "బువ్వ తింటవా?" అంది. మా ఇండ్లలో మగ్గం మనిషితో ఎప్పుడూ ఇట్లాగే మాట్లాడతాం. మగ్గాల షెడ్డులో మాట వినబడదు కాబట్టి వాళ్లు పెదాలూ చేతులూ చూసే పని నడుపుతారు. నేను పుట్టి పెరిగింది ఇందులోనే. అప్పుడు తట్టింది. పరీక్షలో అందరినీ నాకు ఎదురుగానే కూర్చోబెట్టాను కదా! మీట నొక్కే నా వేలు చూసే చెయ్యెత్తి ఉంటారు కదా! నా పేపర్ అచ్చయితే ప్రతి కార్ఖానా సేఠూ దాన్నే చూపించి కార్మికుల చెవుల బాధ్యత తప్పించుకుంటాడు.

చెవి పరీక్ష యంత్రం ఇంట్లోనే ఉంది. నాన్నను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టాను.

"గిట్ల తిప్పినవేంది?" అని నవ్వాడు.

మీట నొక్కాను. చెయ్యి లేవలేదు. చప్పుడు పెంచాను. ఇంకా పెంచాను. ఆ కూత హెడ్‌ఫోన్ దాటి నాక్కూడా వినబడుతోంది. నా మీదా, సారు తొందర మీదా, మావాళ్లు సాంచాలనే ఆ దిక్కుమాలిన మరమగ్గాల మీదా ఒళ్లు మండిపోయింది.

అంతలో సారు మళ్లీ ఫోన్ చేశాడు.

"పంపొద్దు సార్, అంతా తప్పు!" దాదాపు అరిచాను. అటునుంచి ఆయన ఏదో తిడుతూనే ఉన్నాడు.

నాన్న మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, బుద్ధిగా గోడను చూస్తున్నాడు.

"జర జల్ది షురూ చెయ్ బిడ్డా," అన్నాడు. "డ్యూటీకి టైమైతుంది."