రైలుపెట్టె రంగు సిరా

మా మేనత్త మొన్న బుధవారం పొద్దున్నే పోయింది. తిరుపతిలో మా వీధివాళ్లకు తప్ప ఆమె ఉన్నట్టే ఎవరికీ తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు. రాస్తున్నది ఆమె కాచిన సిరాతోనే. అచ్చులో మీకు నల్లగానే కనబడుతుంది గాని, నా కాగితం మీద అది పాత రైలుపెట్టెల ముదురెరుపు.

చిన్న వయసులోనే భర్త పోతే మా తాత ఆమెను చిత్తూరు నుంచి రైల్లో పుట్టింటికి తెచ్చాడు. ఆ రోజు గడప లోపలికి వచ్చిన మనిషి మళ్లీ వీధి ముఖం చూడలేదు. మా పెరటి గోడ అవతలే పట్టాలు. కూత వినబడేది, పొగ కనబడేది, పెట్టెలు మాత్రం గోడ దాటి కనబడేవి కావు.

యుద్ధకాలంలో బజారులో సీసా సిరా దొరక్క, బడిపంతులునైన నేను పెన్ను మూలన పడేశాను. అత్త నవ్వి, తాంబూలంలో వేసే కాచు నానబెట్టింది. నలుపుకు కాస్త అన్నభేది, వాళ్ల నాయన నేర్పినట్టు తుమ్మజిగురు కలిపి కాచింది. పుల్లకలానికైతే ఆ పాకం సరిపోయేదే, నా పెన్నుకు మాత్రం గొంతు పట్టేసింది. ఆమె వదల్లేదు. జిగురు మానేసి, పాతపంచె మడతల్లో వడగట్టింది. ఇదేం రంగని అడిగితే, "నేనెక్కొచ్చిన పెట్టె రంగు అప్పా" అంది. మా నాయన దాన్ని తాంబూలం ఉమ్మి అనేవాడు.

ఇక ఆమెకు ఒకటే యావ, రంగు కుదిరిందా లేదా అని. సిరా పూసిన కాగితమిచ్చి నన్ను స్టేషనుకు పంపేది. ఎరుపు ఎక్కువైందని వచ్చి చెబితే, ఎండలో చూశావా నీడలో చూశావా అని నిలదీసేది. నా కళ్ల మీద ఆమెకు నమ్మకం లేదు. చివరికి ఒకనాడు అన్నం వడ్డిస్తూ మా నాయననే అడిగింది.

"ఒక్కతూరి టేసనుకు పోయొస్తాను రా. పెట్టె పక్కన పెట్టి సూసుకుంటా, అంతే."

"నువ్వు ఆడ పోయి నిలబడితే నలుగురూ అడిగేది నన్ను గదక్కా" అన్నాడాయన తలెత్తకుండా.

ఆమె మజ్జిగ పోసి లోపలికి పోయింది. మా నాయన చెడ్డవాడు కాదు. ఆ నలుగురి భయం ఆయననూ కట్టిపడేసింది. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చేది, ఆ కోపం ఎవరికీ అక్కరకు రాలేదు. ఆమె కాచడం మాత్రం మానలేదు. సీసా చేతికిచ్చినప్పుడల్లా, "ఇదీ కుదిరిండదులే" అనేది. నేను రాసిందంతా ఆమె పెట్టిన భిక్షే.

బుధవారం మధ్యాహ్నం పాడె మోసుకుపోతుంటే పట్టాల దగ్గర గేటు పడింది. ఆగిపోయాం. ముందు కొమ్ము నా భుజం మీద ఉంది. బండి మెల్లగా, పెట్టె వెంట పెట్టె, మా ఎదురుగానే సాగిపోతోంది. కిటికీల్లోని వాళ్లు చేతులు జోడించారు. నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తున్న మా నాయన వెనక్కి తిరిగి, "సూడక్కా" అన్నాడు.

ఆమె ముఖం ఆకాశం వైపే ఉంది. తల పక్కకు తిప్పడానికి మా ఇద్దరి చేతులూ ఖాళీగా లేవు.