నడవడానికి ఒక సంచి

మలక్‌పేటలో ఎక్కిన బస్సులో నా పక్కన బురఖా వేసుకున్న ఒక లావుపాటి ఆవిడ కూర్చుంది. ఒడిలో ఖాళీ సంచి చూసి, మార్కెట్‌కా అని అడిగాను.

"కాదమ్మా, షుగరుందని డాక్టర్ నడువమన్నడు. మీ ఆంధ్రా ఆడోళ్లు బూట్లేసుకొని పార్కుల తిరుగుతరు. మా గల్లీల ఊకెనే నడిస్తే ఏడికి పోతున్నవంటరు. సంచుంటే ఎవ్వరడగరు."

నా కోస్తా యాస పట్టేసిందని నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

"మా అక్కకు గూడ గిట్లనే చెప్పిండ్రు. సిగ్గుపడి బయటికి పోలే. మొన్న రంజాన్‌కు ముందు మట్టిల పెట్టినం."

నేను దిగాల్సిన లాల్‌దర్వాజాకు ముందు స్టాపులోనే ఆమె దిగింది. ఆమెతో నడుద్దామని నేనూ దిగాను.

"మీ స్టాపు గిదేనా?" అంది.

కాదన్నాను. ఇంకేమీ అడగకుండా నా చేయి పట్టుకుని రోడ్డు దాటించింది. ఇద్దరం నడిచాం. రోడ్డు ఎత్తెక్కే చోట ఇద్దరికీ ఆయాసం వచ్చింది. ఆగి, మళ్లీ నడిచాం.