దూరదూరంగా పెట్టిన బిళ్ళలు

ఆసుపత్రి వెనకవైపు, మెట్ల కింద నుంచి పోయే నడవా చివర ఉంటుంది సూక్ష్మజీవుల ల్యాబు. కిటికీ ఉంది గానీ దాని నిండా పక్క భవనం గోడే కనిపిస్తుంది. ఆ గదిలో ఏళ్ళ తరబడి నిలబడి పనిచేస్తున్న టెక్నీషియన్‌ని వెనకాల అందరూ సున్నాలక్క అంటారు. ఎదురుగా మాత్రం వట్టి 'అక్కా'. ఆ పేరు సంగతి ఆవిడకు తెలుసు. కోపం లేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి కదా!

ఆ పేరు పనిలోంచే వచ్చింది. రోగి గొంతులోంచో పుండులోంచో దూదిపుల్లతో తీసిన చీమును, రక్తం కలిపిన ఎర్రటి జెల్లీ ప్లేటు మీద రాసి వేడిపెట్టెలో పెడితే, తెల్లారేసరికి అందులోని సూక్ష్మజీవి చుక్కలు చుక్కలుగా మొలుస్తుంది. ఆ చుక్కల్ని ఇంకో ప్లేటంతా పరిచి, దానిమీద మందులో తడిపిన చిన్న చిన్న కాగితపు బిళ్ళలు పెడతారు, బిళ్ళకో మందు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏమీ మొలవక గుండ్రటి ఖాళీ మిగులుతుంది, అచ్చం సున్నాలా. పనిచేయకపోతే సూక్ష్మజీవి బిళ్ళ అంచుదాకా దర్జాగా వచ్చి కూర్చుంటుంది. ఆ సున్నాల్ని స్కేలుతో కొలిచి ఏ మందు పనికొస్తుందో వార్డుకు చెప్పడమే ఆవిడ ఉద్యోగం.

అందరి ప్లేట్లూ ఒక ఎత్తు, ఆవిడ ప్లేట్లు ఒక ఎత్తు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అప్పటి పెద్ద డాక్టరు ఆవిడ ప్లేటు ఒకటి వెలుగులో పట్టుకుని, "ఏంటమ్మా ఇది, సంతలో జనంలాగా ఒకరి మీద ఒకరు ఎక్కారు?" అని పదిమందిలో అన్నాడు. ఆవిడ చెవుల దాకా ఎర్రబడింది. ఆనాటి నుంచి బిళ్ళకీ బిళ్ళకీ మధ్య సమానంగా చోటు వదిలి, ఏ సున్నా ఇంకో సున్నాను తాకకుండా పెట్టడం అలవాటు చేసుకుంది. నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఆ ప్లేట్లకు ఫోన్లలో ఫొటోలు తీసుకుంటారు. ఉద్యోగంలో ఆవిడకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే. పాపం, దాన్ని మాత్రం గట్టిగా పట్టుకుంది.

ఆవిడకు బాగా ఎరికైన శాల్తీ స్ట్రెప్టోకాకస్. లోకం దాన్ని స్ట్రెప్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది గానీ అదొక మహా వంశం. ఇంటిపేరు ఒకటే, బుద్ధులు వేరు. ఒక శాఖవాడు గొంతులో కూర్చుని నాలుగు రోజులు సతాయించి పోతాడు. ఇంకో శాఖవాడు చర్మం కిందికి దిగి కండ తినేస్తాడు. పెనిసిలిన్ పేరు చెబితే మాత్రం వీళ్ళిద్దరికీ ఇప్పటికీ హడలే. మిగతా మందుల దగ్గరికి వచ్చేసరికి ఏ పుట్టలో ఏ పాముందో చెప్పలేం. ఒకడి దగ్గరున్న ఉపాయం ఇంకొకడు అరువు తెచ్చుకుంటాడు, తెచ్చుకున్నది తిరిగి ఇవ్వడు, పైగా పిల్లలందరికీ పంచిపెడతాడు. వీళ్ళకంటే మన చుట్టాలే నయం అనుకునేది సున్నాలక్క.

చుట్టాలంటే గుర్తొచ్చింది. ల్యాబులో పని కాబట్టి ఆవిడ ఇంటిల్లిపాదికీ సగం డాక్టరు. ఎవరికి దగ్గొచ్చినా ఫోను ఆవిడకే. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, పీకుతున్న కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూర్చుందో లేదో, ఆడపడుచు ఫోను చేసింది. భర్తకు సొంత చెల్లెలు, బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. చిన్నప్పుడు పెనిసిలిన్ ఇంజక్షన్ పడక చావు తప్పి బయటపడ్డ మనిషి.

"వదినా, మిషను సూది వేల్లో దిగింది. కొంచెం పొంగింది. ఏం వేసుకోమంటావ్?"

"పోయినసారి గొంతునొప్పికి ఇచ్చిన ఎరిత్రోమైసిన్ మాత్రలు మిగిలాయా?"

"రెండున్నాయి."

"అవి వేసుకో. తగ్గకపోతే చూద్దాం."

ఇదే మాట ఇంకెవరైనా అంటే సున్నాలక్క వాళ్ళకు తలంటేది. మిగిలిన మాత్రలు దాచుకుని వేసుకోవడం వల్లే ఈ స్ట్రెప్‌గాళ్ళు ఇంత తెలివిమీరారని ల్యాబుకొచ్చిన ప్రతివాళ్ళకూ పాఠం చెప్పే మనిషే. కానీ ఆ పూట ఆవిడలో పాఠం చెప్పే ఓపిక లేదు. కాళ్ళు వేణ్ణీళ్ళలో ఉన్నాయి, అంతే.

తగ్గలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆ వేలితోనే ఆడపడుచు ఇంకా యూనిఫారాలు కుట్టింది. బళ్ళు తెరిచే రోజులు మరి. చెయ్యి మణికట్టు దాకా ఎర్రగా ఉబ్బాక వార్డులో చేర్చారు. పెనిసిలిన్ పడదని తెలిసి వార్డు డాక్టరమ్మ క్లిండామైసిన్ మొదలుపెట్టి, వేలి చీము ల్యాబుకు పంపింది. ఆ కుడిచేతి మీదే ఆడపడుచు ఇల్లు నడుస్తోంది. ఆవిడ మొగుడు ఏనాడో ఎటో పోయాడు.

ప్లేటు మీద మొలిచింది స్ట్రెప్. మన మనిషిది కదా అని సున్నాలక్క మిగతా పని పక్కన పెట్టి ఆ ప్లేటుకే కూర్చుంది. మరింత శ్రద్ధగా, మరింత దూరదూరంగా బిళ్ళలు పెట్టింది. మర్నాడు తీసి చూస్తే ఎరిత్రోమైసిన్ చుట్టూ ఖాళీ లేదు. సూక్ష్మజీవి బిళ్ళను ఆనుకుని కూర్చుంది. అటు చివర క్లిండామైసిన్ చుట్టూ మాత్రం నిండు సున్నా, కంపాస్ పెట్టి గీసినట్టు. ప్రాణం తేలికపడింది. వార్డుకు స్వయంగా వెళ్ళి, "క్లిండామైసిన్ పనిచేస్తుంది, అదే ఇవ్వండి" అని చెప్పి, ఆడపడుచు నుదురు తడిమి వచ్చింది.

తర్వాతి రోజు ఆ ఎరుపు మణికట్టు దాటింది.

"మందు సరైనదే కదక్కా, మరెందుకు పాకుతోంది?" అని డాక్టరమ్మ ఫోనులో అడిగింది. తప్పు పట్టే గొంతు కాదు, తోచక అడిగే గొంతు.

సున్నాలక్క పారెయ్యడానికి పక్కన పెట్టిన ప్లేట్లలోంచి ఆ ప్లేటు మళ్ళీ తీసింది. ఎంత అందంగా ఉందో! చూస్తూ చూస్తూ ఉండగా చూపు ఎరిత్రోమైసిన్ బిళ్ళకూ క్లిండామైసిన్ బిళ్ళకూ మధ్య ఉన్న ఎడం మీద ఆగింది. స్ట్రెప్‌లలో కొందరు మహా గుంభనం. క్లిండామైసిన్‌ను తట్టుకునే ఉపాయం లోపల దాచుకుని, ఆ మందు ఒంటరిగా ఎదురైతే ఏమీ తెలియనట్టు చచ్చిపోతారు. పక్కనే ఎరిత్రోమైసిన్ తగిలితే మాత్రం ఆ ఉపాయం బయటికి తీస్తారు. ఒంట్లోనైతే ఒక్కోసారి వాళ్ళలోంచే దాన్ని ఎప్పుడూ బయటే ఉంచుకునే రకం పుట్టుకొస్తుంది. వాళ్ళ గుట్టు తెలియాలంటే ఆ రెండు బిళ్ళల్నీ దగ్గర దగ్గరగా పెట్టాలి. అప్పుడు క్లిండామైసిన్ సున్నా ఎరిత్రోమైసిన్ వైపు చదునైపోతుంది. చదునైందంటే ఆ మందును నమ్మకూడదు. ఇది కొత్త పాఠమేం కాదు, తనే పిల్లలకు చెబుతుంది. చెబుతూనే, సున్నాలు తాకుతాయని, ప్లేటు వికారంగా ఉంటుందని, ఆ రెంటినీ ఎడంగా పెడుతూ వచ్చింది. అనుమానం వస్తే విడిగా ఇంకో ప్లేటు వేద్దాంలే అనుకునేది. అలిసిపోయిన మనిషికి అనుమానం తొందరగా రాదు. పైన పటారం, లోన లొటారం!

మళ్ళీ ప్లేటు వేసి నిజం తేల్చుకోవాలంటే రేపటిదాకా ఆగాలి. చెయ్యి ఆగుతుందా? ఫోను తీసింది.

"డాక్టరుగారూ, నా రిపోర్టు నమ్మకండి. బిళ్ళలు దగ్గరగా పెట్టాల్సింది, నేను దూరంగా పెట్టాను. ఇప్పుడే మందు మార్చెయ్యండి."

"సరే అక్కా, మారుస్తున్నా. ప్లేటు మళ్ళీ వేసి చెప్పండి" అంది డాక్టరమ్మ. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది సున్నాలక్కకు. ఫోను పెట్టేసింది. ఆవిడకు ఏడవాలని ఉంది. కానీ కొత్త ప్లేటు వెయ్యాలి.

తెల్లారి చూస్తే క్లిండామైసిన్ సున్నా ఒక పక్క చదునుగా, గోడకు నొక్కిన రొట్టెలా ఉంది. ఆవిడ జీవితంలో వేసిన ప్లేట్లలో అంత అనాకారిది లేదు. అదొక్కటే నిజం చెప్పింది.

మందు మారింది, వేలు కోసి కడిగారు, ఎరుపు వెనక్కి తగ్గింది. చెయ్యి దక్కింది. చూపుడువేలు మాత్రం మధ్య కణుపు దగ్గర బిగుసుకుపోయింది. ఇక వంగదని చెప్పేశారు.

తన ఇంటికి తెచ్చాక పరామర్శకు వచ్చిన వాళ్ళందరి ముందూ ఆడపడుచు ఒకటే మాట. "మా వదిన కనిపెట్టబట్టి గానీ, లేకపోతే నా చెయ్యి తీసేసేవాళ్ళే." అత్తగారు కోడలి గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి. సున్నాలక్కకు మింగుడుపడలేదు. అందరూ వెళ్ళాక మిషను పక్కన నేల మీద కూర్చుంది.

"అమ్మాయ్, నేను కనిపెట్టింది రెండోసారి. మొదటిసారి చూడాల్సినట్టు చూడలేదు. ఆ మాత్రలు వేసుకోమన్నదీ నేనే. ముందే సరిగ్గా చూసుంటే నీ వేలు వంగేదేమో."

ఆడపడుచు కట్టు విప్పిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆ వేలివంక చూసింది. మొహం ఎర్రబడింది. "ఇదెందుకు చెప్పావు వదినా? తెలియకుండా ఉంటే బాగుండేది కదా" అంది. గొంతులో కోపం ఉంది, దాచుకోలేదు.

 

ఆడపడుచు ఎడమచేత్తో సొరుగు లాగి, దారపు ఉండ తీసి వదిన ఒళ్ళో పడేసింది.

"ఈ వేలితో సూదిలో దారం ఎక్కించలేను. పొద్దున నువ్వు డ్యూటీకి పోయేముందు ఇటొచ్చి ఎక్కించి పో. రోజూ. ఓపిక లేదంటే ఒప్పుకోను."

"వస్తాను" అంది సున్నాలక్క.

మిషను మీదికి వంగింది. పగలంతా ప్లేట్లు చూసిన కళ్ళకు సూదిబెజ్జం రెండుగా కనిపిస్తోంది. దారం పక్కకు పోయింది, కొస తడిచేసి మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ పోయింది.

"దగ్గరగా పెట్టి చూడు వదినా" అంది ఆడపడుచు.