నర్సమ్మ ఇంటి వెనక గది

పోయిన ఆదివారం పొద్దున గుంటూరులో ఆడవాళ్ళ చరిత్ర చెబుతూ వీధులు తిప్పుతారని విని, మా కోడలు నా పేరు రాయించింది. నా మోకాళ్ళ సంగతి మాత్రం అడగలేదు. పదిహేను మందిమి బ్రాడీపేటలో బయలుదేరాం. మా ముందు నడిచే లెక్చరరమ్మాయి మెడలో చిన్న మైకు తగిలించుకుని, ఎక్కడ ఆడపిల్లల బడి ఉండేదో, ఎక్కడ కాన్పుల ఆసుపత్రి ఉండేదో చూపిస్తూ పోయింది. ఇడ్లీ బండ్ల పక్కగా, కోచింగ్ సెంటర్ల బోర్డుల కిందగా, పాతగుంటూరు సందు మలుపు తిరిగేదాకా నేను హాయిగానే విన్నాను.

"ఇక్కడ ఒక నర్సమ్మ ఉండేవారండి. చాలామంది ఆడపిల్లల్ని నర్సు ట్రైనింగుకు పంపారట. ఆవిడ గురించి ఇంతకుమించి ఎక్కడా రాసి లేదు" అంది.

ఇప్పుడక్కడ ఇల్లు లేదు, రక్తపరీక్షల ల్యాబ్ ఉంది. అయినా చోటు గుర్తుపట్టాను. ఆ నర్సమ్మ మా పెద్దమ్మ.

చదువు కోసం నన్ను ఆవిడ దగ్గర ఉంచారు. అప్పుడు నాకు పదేళ్ళు. గంజి పెట్టిన తెల్లచీర, చేతులకెప్పుడూ సబ్బు వాసన. అబద్ధం ఆడడం ఆవిడకు చేతకాదు. కూర బాగాలేదని వండినవాళ్ళ మొహానే చెప్పడంతో, ఆవిడతో పెళ్ళి భోజనాలకు వెళ్ళాలంటే మా అమ్మ వణికేది.

ఒక మధ్యాహ్నం, చెప్పులైనా లేకుండా ఒక పల్లెటూరి అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. పెద్దమ్మ దరఖాస్తు పెట్టించిన ట్రైనింగులో సీటొస్తే, ఇంట్లోవాళ్ళు ఆ కాగితం పొయ్యిలో పెట్టి, నలభై ఏళ్ళ మేనమామతో ముహూర్తం పెట్టుకున్నారట. "నన్ను పంపించెయ్యకండమ్మా, చంపేస్తారు" అంది. ఇల్లుగలవాళ్ళు మా వెనక గది నిండా మిరపకాయల బస్తాలు పేర్చుకునేవారు. పెద్దమ్మ ఆమెను ఆ బస్తాల వెనక కూర్చోబెట్టి, నా ముందు ఒక చేటెడు కాయలు పెట్టింది. "ఈ గది గుమ్మంలో కూర్చుని తొడాలు తియ్యి. లోపల దగ్గు వినబడితే నువ్వూ దగ్గు" అంది.

కాసేపటికే ముగ్గురు మగవాళ్ళు వచ్చారు. తండ్రి, ఇద్దరు అన్నలు. తండ్రి చేతిలో ఎడ్లను పొడిచే ములుకర్ర ఉంది.

"మా పిల్ల నీ ఇంట్లో దూరిందని రిక్షా అతను చెప్పాడు. మర్యాదగా పంపించు."

"ఇక్కడెవరూ లేరండి."

పెద్దన్న నేరుగా నా దగ్గరికొచ్చాడు. నేను తలెత్తకుండా తొడాలు తీస్తున్నాను. సరిగ్గా అప్పుడే లోపల చిన్న దగ్గు. నేను దగ్గాను. మళ్ళీ లోపల. కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా దగ్గాను. అతను గుమ్మంలో కాలు పెట్టీ పెట్టగానే ఘాటు నషాళానికంటి, తువ్వాలుతో ముక్కు మూసుకుని వెనక్కి వచ్చాడు.

తండ్రి మాత్రం కదల్లేదు. బల్ల మీది బైబిలు చూపించాడు. "మీ దేవుడి పుస్తకం మీద చెయ్యేసి చెప్పు. వెళ్ళిపోతాం."

పెద్దమ్మ చెయ్యి వేసింది. "మీ పిల్ల నా ఇంట్లో లేదు" అంది.

ములుకర్ర కంటే నాకు అప్పుడే ఎక్కువ భయమేసింది. సండే స్కూల్లో చెప్పిన అగ్నిగుండం మా ఇంటి గచ్చు కిందే ఉందనిపించింది. పైకప్పు కూలుతుందని మెడ ముడుచుకున్నాను. కూలలేదు. వాళ్ళు వెళ్ళిపోయారు.

మర్నాడు ఆ అమ్మాయిని ఇంకో నర్సును తోడిచ్చి రైలెక్కించారు. చదివింది, నర్సయింది. పెద్దమ్మ మాత్రం ఏడాదిపాటు చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తన వరస దాకా వస్తే, అబద్ధపు ప్రమాణం చేసిన చేత్తో వాటిని ముట్టకుండా తలొంచుకుని కూర్చునేది. ఎందుకో తెలియక సంఘంలో తలా ఒక మాట అన్నారు. "ఆ పిల్ల తండ్రి బతికున్నంతకాలం నోరు మెదపకు" అని నాకు చెప్పింది. ఆయన ఎప్పుడు పోయాడో నాకెవరూ చెప్పలేదు. అందుకే ఇన్నేళ్ళూ మెదపలేదు.

ల్యాబ్ ముందు నిలబడి ఇదంతా మొదటిసారి చెప్పాను. మాటమాటకీ సందు రెండు వైపులా చూసుకున్నాను. లెక్చరరమ్మాయి మైకు ఆపేసింది.

"రాసుకోవచ్చా అండీ?"

"రాసుకో అమ్మా. ఆవిడ పేరు కూడా రాయి" అన్నాను.

ఆ ముగ్గురూ ఈపాటికి ఉండి ఉండరు. కాలం మనుషుల్ని తీసుకుపోయినంత త్వరగా వాళ్ళు పెట్టిన భయాన్ని తీసుకుపోదని అరవై దాటాక తెలిసింది.