అన్నయ్య లైన్‌బాక్సులో నేరేడు సిర్కా

మొన్న ఆదివారం పొద్దున్న పై అంతస్తు అమ్మాయి ఒక సీసా పట్టుకొని మా ఇంటికి వచ్చింది. వాళ్లాయన సీపత్ కరెంటు ప్లాంటులో ఇంజనీరు. తెలుగు పిల్లే గాని ఇక్కడ బిలాస్‌పూర్‌లోనే పుట్టి పెరిగింది కాబట్టి నాలుగు మాటలు తెలుగులో మొదలుపెట్టి ఐదోదానికి హిందీలోకి దిగిపోతుంది. సీసాలో ఉన్నది యాపిల్ సిర్కా, అదే వెనిగర్. పరగడుపున గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాలు, మధ్యాహ్నం సలాడ్ మీద కాస్త, సాయంత్రం టీ మానేసి దాంతోనే షర్బత్. దినచర్యంతా అప్పజెప్పి, "ఆంటీ, మా డాడీ షుగర్ ఏక్‌దమ్ కంట్రోల్‌లోకి వచ్చేసింది తెలుసా? గోలీ కూడా బంద్ చేసేశారు, సచ్చీ" అంది. అంతవరకూ బుద్ధిగా తలూపుతున్న నేను ఆ చివరి మాటకి లేచి నిలబడ్డాను. "మాత్రలు ఎవరు ఆపించారు? డాక్టరా, మీ డాడీయా?" అన్నాను. "డాడీయే" అంది బెదిరిపోయి. ఇవాళే ఫోన్ చేసి మళ్లీ మొదలెట్టమని చెప్పు, లేకపోతే నంబరు నాకివ్వు, నేనే చెబుతాను అన్నాను. ఆ పిల్ల మొహం ముడుచుకొని సీసా బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది. మంచి చెప్పడానికి వచ్చిన మనిషిని తరిమేశానని మా ఆయన విసుక్కున్నారు. మంచి చెప్పే ఆ జబ్బు ఒకప్పుడు నాకూ ఉండేది. దానివల్ల ఏం జరిగిందో ఆయనకూ తెలుసు, అయినా విసుక్కున్నారు.

మా అన్నయ్య గూడ్సు బళ్ల డ్రైవరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా తాత పొగ ఇంజన్లలో బొగ్గు వేశాడు, నాన్న షెడ్‌లో ఫిట్టరుగా రిటైరయ్యాడు. డ్రైవరు సీట్లో కూర్చున్న మొదటి మనిషి అన్నయ్యే. ఆ గర్వం అతని నడకలో ఉండేది. డ్యూటీకి వెళ్లేటప్పుడు నల్లటి లైన్‌బాక్సు, అంటే బట్టలూ తిండీ సామానూ పెట్టుకునే ఇనప్పెట్టె, కూలీ చేతికి ఇచ్చి తను ముందు నడిచేవాడు. ఎదురుపడ్డ ప్రతివాడూ నమస్కారం పెట్టాలని చూసేవాడు, పెట్టకపోతే తనే పెట్టి సిగ్గుపడేలా చేసేవాడు. అయితే ఇంజను నడిపేవాళ్లకు కొన్నేళ్లకొకసారి రైల్వే డాక్టరు దగ్గర మెడికల్ ఉంటుంది. కళ్లు, రక్తం, అన్నీ చూస్తారు. అందులో తప్పితే ఇంజను మీంచి దింపేసి ఏదో ఒక ఆఫీసులో రిజిస్టర్లు రాయడానికి కూర్చోబెడతారు. మా రైల్వే కాలనీలో అలా కూర్చున్నవాళ్లు ఇద్దరుండేవారు. వాళ్లని చూసినప్పుడల్లా అన్నయ్య చనిపోయినవాళ్ల గురించి మాట్లాడినట్టు గొంతు తగ్గించి మాట్లాడేవాడు.

ఆ మెడికల్‌కి ఆరు నెలలుందనగా అతనికి దాహం పట్టుకుంది. సీసాలకి సీసాలు నీళ్లు తాగేసేవాడు. వదినకి అనుమానం వచ్చి రక్తం చూపించుకోమని పోరింది. రైల్వే ఆసుపత్రికి వెళ్తే కాగితం మీదికి ఎక్కుతుందని, బజారులో ఎవరూ ఎరగని ఒక ల్యాబుకి వెళ్లి రక్తం ఇచ్చొచ్చాడు. పేరడిగితే మా నాన్న పేరు చెప్పాడట. నాన్న పోయి అప్పటికి పదకొండేళ్లు. ఆ రిపోర్టు పట్టుకొని మా ఇంటికొచ్చి, "సూడే పంతులమ్మా, నాన్నకి షుగరొచ్చింది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను వదలదు. బజారు డాక్టరు ఎవరో మాత్రలు రాశాడు. కానీ మాత్రలు లైన్‌బాక్సులో పెట్టుకుంటే ఇంజనులో పక్కనుండే అసిస్టెంటు డ్రైవరు కంట పడతాయి, అసిస్టెంటు నోట పడితే సాయంత్రానికి డ్రైవర్లు డ్యూటీ ఎక్కే లాబీలో అందరికీ తెలుస్తుంది. "ఏటి సేయమంటావు మరి? సదువుకున్నదానివి, నువ్వే సెప్పు" అన్నాడు.

సదువుకున్నదాన్ని కదా, చెప్పాను. నేను హిందీ మీడియం బడిలో సైన్సు టీచర్ని. పిల్లలకి ఆమ్లాలూ క్షారాలూ చెప్పి, నీలి కాగితం ఎర్రబడేలా చేసి చూపించే మనిషిని. పత్రికల్లో ఆరోగ్యం పేజీ వస్తే కత్తిరించి దాచుకునే అలవాటు కూడా ఉంది. నేరేడు షుగరుకి మంచిదని ఒక ముక్కలో, సిర్కా మంచిదని ఇంకో ముక్కలో చదివాను. ఆ రెండూ కలిసింది నేరేడు సిర్కా. ఇంతకంటే ఏం కావాలి? "మాత్ర మొదలెడితే జన్మంతా మింగాలన్నయ్యా. ముందు ఇది చూద్దాం" అన్నాను. ఆ మాట నాదే. ఎవరి మీదికీ నెట్టడానికి లేదు.

సరిగ్గా అవి నేరేడు పళ్ల రోజులు. కాలనీ రోడ్లన్నీ రాలిన పళ్లతో ఊదారంగుకి తిరిగి, నడిచినవాళ్ల చెప్పులు ఇళ్లలో గచ్చంతా పాడుచేస్తుండేవి. మా బడిలో మధ్యాహ్నం భోజనం వండే దీదీ దగ్గర పద్ధతి నేర్చుకున్నాను. పళ్లు కడిగి, ఆరబెట్టి, చేత్తో నలిపి గుజ్జు పిండి, మట్టి కుండలో పోసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి ఎండలో పెట్టాలి. చినుకు పడితే లోపలికి మోయాలి, వెలిస్తే బయటికి మోయాలి. ఆ వానాకాలమంతా వదినా నేనూ ఆ కుండని పురిటి బిడ్డలా మోశాం. మొదట పులిసిన కల్లు వాసన వేసింది. పక్క క్వార్టరావిడ ముక్కు ఎగబీల్చి, "ఏటమ్మా, మీ ఇంట్లో ఏటి కాస్తున్నారు?" అని అడిగింది కూడా. తర్వాత వాసన ముక్కులో గుచ్చుకునేలా మారింది. వడకడితే మంచి ఎర్రటి సిర్కా దిగింది.

అక్కణ్ణుంచి ఆ ఇంట్లో చింతపండుకి పని లేకుండా పోయింది. పులుసులో సిర్కా, పప్పులో దించేముందు సిర్కా, బెండకాయ వేపుడు మీద సిర్కా. ఉల్లిపాయ ముక్కలు అందులో నానేసి గులాబీరంగు తిరిగాక కంచంలో పెట్టేది వదిన. ఎండాకాలం నల్లుప్పు, వేయించిన జీలకర్ర పొడి, పుదీనా వేసి చల్లటి నీళ్లలో కలిపితే, అబద్ధమెందుకు, చాలా బాగుండేది. అన్నయ్య లైన్‌బాక్సులో ఒక చిన్న సీసా ఎప్పుడూ ఉండేది. అసిస్టెంటు అడిగితే అరుగుదలకి అని చెప్పేవాడు. మాత్రలు మాత్రం వదిన బియ్యం డబ్బా వెనక అలాగే ఉండిపోయాయి.

మెడికల్‌కి వారం ముందు నుంచి అన్నయ్య భయంతో అన్నం మానేశాడు. పచ్చి కూరముక్కలు, సిర్కా నీళ్లు, అంతే. కళ్లు గుంటలు పడ్డాయి గాని మెడికల్‌లో పాసయ్యాడు. షుగరు తగ్గించింది వారం రోజుల పస్తు అని చిన్నపిల్లలకైనా తెలియాలి. సైన్సు టీచర్ని, నాకు తెలియలేదు. అసలు తెలుసుకోవాలనిపించలేదు. పేరంతా సిర్కాకే వచ్చింది, దాని వెనక నాకు వచ్చింది. అన్నయ్య మిఠాయి పొట్లంతో వచ్చి, "మా పంతులమ్మ ముందు డాక్టర్లేటి?" అన్నాడు. ఆ మిఠాయి తనూ తిన్నాడు. రహస్యంగా ఒకరి చెవిలో ఒకరు వేసుకొని ఎనిమిది మంది డ్రైవర్ల ఇళ్ల నుంచి మనుషులొచ్చారు. అందరికీ కాగితం మీద రాసిచ్చాను, కొలతలతో సహా, కింద గీత గీసి మరీ. కాలనీలో నాకు దొరికిన గౌరవం బడిలో ఏనాడూ దొరకలేదు. సంతోషం పట్టలేకపోయాను.

అలా మూడేళ్లు. ఒక చలికాలం సాయంత్రం అన్నయ్య బిలాస్‌పూర్ పక్కనున్న కోటా దాటి కట్నీ లైనులో బొగ్గు బండి నడుపుతున్నాడు. సిగ్నల్ కనబడగానే డ్రైవరూ అసిస్టెంటూ ఇద్దరూ చూసి, ఒకరి తర్వాత ఒకరు దాని రంగు పైకి చెప్పాలి. ఒకడు పొరబడితే ఇంకొకడు పట్టుకుంటాడని ఆ పద్ధతి పెట్టారు. ఆ సాయంత్రం అసిస్టెంటు వెనక్కి తిరిగి బండి చివరి వరకూ సరిగ్గా ఉందా లేదా చూస్తున్నాడట. సిగ్నల్ వచ్చింది. అసిస్టెంటు ఇంకా దాని రంగు చెప్పలేదు. అక్కడ సిగ్నల్ ఉంటుందని అలవాటు కొద్దీ ఎరిగిన అన్నయ్య రంగు తెలియక బ్రేకు వేసేశాడు. పచ్చగా వెలుగుతున్న సిగ్నల్ ముందు, అడవి మధ్యన, అంత పెద్ద బండీ ఆగిపోయింది. ఏమైందని ఆ అసిస్టెంటు కుర్రవాడు అడిగితే, "నాకు కనపడ్డం నేదురా" అన్నాడట. ఎన్నాళ్ల నుంచని అడిగితే తొమ్మిది నెలలని చెప్పాడు. తొమ్మిది నెలలుగా అసిస్టెంటు ఏ రంగు చెబితే ఆ రంగే తనూ చెబుతూ వచ్చాడు. ఎదురుగా ఇంకో బండి ఉండి ఉంటేనో అనే ఆలోచన నేను ఇప్పటికీ చివరిదాకా రానివ్వను.

కంటి డాక్టరు షుగరు వల్ల లోపల రక్తనాళాలు చిట్లాయన్నాడు. ఎడమ కన్ను పోయింది, కుడి కంట మనుషుల ఆకారాలు తెలుస్తాయి, మొహాలు తెలియవు. ఏ కుర్చీకి భయపడి ఇదంతా చేశాడో ఆ కుర్చీలో కూర్చుని రాయడానికి కూడా చూపు మిగల్లేదు. నేను ఆ ఎనిమిది ఇళ్లకీ మళ్లీ వెళ్లాను. నా కాగితం చింపేయండి, రక్తం చూపించుకోండి, మాత్రలు వేసుకోండి అని చెప్పాను. ఇద్దరు విన్నారు. ఒకాయనైతే, "మీ అన్న కొలత తప్పి ఉంటాడమ్మా" అని నాకే ధైర్యం చెప్పాడు. సిర్కాని తిట్టడానికి లేదు. ఉల్లిపాయ ముక్కల్లోకి అది ఇప్పటికీ బాగానే ఉంటుంది. దాన్ని కంచంలోంచి తీసి మాత్రల చోట పెట్టింది నేను.

ఒక రోజు ఉండబట్టలేక అన్నయ్యని అడిగేశాను, నా వల్లే కదా అని. తిడతాడని ఆశపడే వెళ్లాను. వంటింట్లో వదిన గిన్నెల చప్పుడు ఆగింది. అన్నయ్య నా గొంతు వచ్చినవైపు మొహం తిప్పి, "నువ్వు కాకపోతే ఇంకోలు సెప్పేవోరే. మాత్రలొద్దు అన్న మాట కోసం ఊరంతా తిరుగుతున్నాను. నీ నోట దొరికినాది" అన్నాడు. మళ్లీ తనే, "ఆ మూడేళ్లూ బండి తోలినాను గదే" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు.

మూడేళ్ల ముందు వచ్చి ఉంటే కన్ను దక్కేదని డాక్టరు చెప్పిన సంగతి అతనికి మేమెవరమూ చెప్పలేదు. మూడేళ్లంటే పెద్ద ఎక్కువేం కాదు, ఆరో తరగతి పిల్లలు ఎనిమిది దాటేంత. అతని కళ్లకి ఆ కాస్త గడువే ఉండేది. ఆ మూడేళ్లూ మా రెండిళ్లలో మేమెంత సంతోషంగా ఉన్నామో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.