చిన్నాయన వేయించుకున్న సూది

మహమ్మారి వచ్చిన ఏడాది నేను బెంగళూరులో టీకాలు తయారుచేసే ఒక కంపెనీలో పనిచేసేదాన్ని. వైరస్‌ను పెంచి, చంపి, శుద్ధిచేసే విభాగం వేరు. సీసాల్లోకి ఎక్కిన మందులో మరే సూక్ష్మజీవీ లేదని తేల్చడం మా పని. పోషకద్రవంలో కొంత మందు కలిపి రెండు వారాలు చూసేవాళ్ళం. ద్రవం మసకబారిందంటే ఆ సీసాలన్నీ పారబోయాల్సిందే. దేశమంతా తొందరపడుతున్నా ఆ రెండు వారాలను ఎవరూ తగ్గించలేకపోయారు. కొంత సమయమైనా కలిసొస్తుందని, మందు పనిచేస్తుందో లేదో తేలకముందే సీసాలు నింపడం మొదలుపెట్టారు.

జంతువుల మీద, తర్వాత కొద్దిమంది మనుషుల మీద చూశాక, పరీక్షకు వేలమంది తమంతట తాము ముందుకు రావలసిన ఘట్టం వచ్చింది. బంగారు గనుల పక్కన ఆండర్సన్‌పేటలో ఉండే మా నాయన ఆ సంగతి విని ఆసుపత్రికి వెళ్ళాడు. గనిలో పనిచేసి రిటైరైన మనిషి. వాళ్ళు వెనక్కి పంపేశారు.

“ఊపిరితిత్తుల్లో గని దుమ్ముండాదంట. నువ్వొద్దప్పా అనేసినారు,” అన్నాడు ఫోనులో, చిన్నబుచ్చుకుని.

నాయన బదులు ఆయన తమ్ముడు బయల్దేరాడు. బంగారుపేట దగ్గర పల్లెలో పట్టుపురుగులు పెంచే మా చిన్నాయన.

“మన బిడ్డ చేసే మందు మనమే నమ్మకపోతే ఎట్లమ్మా? ఇంట్లో ఒకరన్నా పోవల్ల కదా.”

“అందరికీ మందే వెయ్యరు చిన్నాయనా. సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళే. ఎవరికేది వేసినారో డాక్టరుకి కూడా తెల్దు.”

“నీళ్ళయితే ఇంగ భయమేముండాది?” అని నవ్వాడు.

వెళ్ళి వేయించుకొచ్చాడు. జాగ్రత్తగానే ఉన్నాడు. కానీ పట్టుగూళ్ళు పండితే ఆగవు. లోపలి పురుగు రెక్కలొచ్చి బయటపడకముందే అమ్మేయాలి. గూళ్ళ మార్కెట్టుకి వెళ్ళొచ్చిన వారంలోనే జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చాక మళ్ళీ ఇంటికి రాలేదు. చివరి చూపు మా ఎవరికీ దక్కలేదు.

కొన్నాళ్ళకు ఫలితాలు వచ్చాయి. కంపెనీలో మిఠాయిలు పంచారు. తెరమీద రెండు గీతలు చూపించారు: నీళ్ళు వేయించుకున్నవాళ్ళలో జబ్బుపడినవారి గీత పైకి ఎక్కుతోంది, మందు పడినవాళ్ళది దాదాపు నేలబారుగా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చిన్నాయన ఏ గీతలో ఉన్నాడో అప్పటికి నాకు తెలియదు.

తర్వాత ఆసుపత్రివాళ్ళు పిన్నమ్మకు ఫోన్ చేసి చెప్పారు. నీళ్ళే.

ఆమె నన్ను అడిగింది: “ఉత్త నీళ్ళ సూది వేసుకునేదానికా అంత దూరం పొయినాడు?”

“నీళ్ళు పడినోళ్ళకి జబ్బొచ్చి, మందు పడినోళ్ళకి రాకపోతేనే మందు పనిచేసిందని తెలిసేది, పిన్నమ్మా. చిన్నాయన లాంటోళ్ళ వల్లే తెలిసింది.”

“తెలవల్లంటే ఎవురో ఒకరు పడల్ల. సరే. అది మీ చిన్నాయనే కావల్నా?”

ఆ మందు కొన్ని నెలలు ముందు వచ్చి ఉంటే అనుకుంటాను. ముందు రావడానికి దారేదీ లేదని అందరికన్నా నాకే బాగా తెలుసు. అయినా అనుకుంటూనే ఉంటాను.

టీకా అందరికీ ఇస్తున్నప్పుడు నాయననూ పిన్నమ్మనూ నేనే తీసుకెళ్ళాను. నాయన చెయ్యి చాచాడు. పిన్నమ్మ వంతు వచ్చినప్పుడు నర్సు చేతిలోని సూదిని పట్టి పట్టి చూసింది.

“ఇది మందే కదమ్మా?”

నర్సుకు అర్థం కాలేదు. “ఇంగేముంటుందమ్మా, మందే,” అని నవ్వింది.

పిన్నమ్మ మొహం పక్కకు తిప్పుకుని, కొంగు భుజం మీదికి లాక్కుని చెయ్యి ముందుకు పెట్టింది.