మగ్గని మట్టి మీద ట్యాంకు

2003 వేసవి. నౌపడ ఉప్పు మడుల పక్కన ఒక కంపెనీ నూనె నిల్వకు పెద్ద ట్యాంకు కడుతోంది. పునాది డిజైన్ నాది. అక్కడి నేల సంగతి మట్టి పరీక్షకు మొదటి బోరు వేసిన రోజే తెలిసింది. సుత్తి దెబ్బ పడకుండానే ఇనుప రాడ్డు తన బరువుకే సర్రున దిగిపోయింది.

అలాంటి మెత్తని బంకమట్టికి మేం చేసే వైద్యం ప్రీలోడింగ్. ట్యాంకు వచ్చే చోట ముందుగా ఇసుక గుట్ట పోసి, ఆ బరువుతో మట్టిలోని నీటిని పిండేస్తాం. మట్టి గట్టిపడ్డాక ఇసుక తీసి ట్యాంకు కడతాం. లోపల నీటి ఒత్తిడి ఎంత మిగిలిందో చెప్పేది పీజోమీటర్, అంటే మట్టిలోకి దించిన సన్నని గొట్టం. ఒత్తిడి ఉంటే అందులో నీరు పైకి లేస్తుంది.

చలికాలంలో గుట్ట పోశాం. ఎండలు ముదిరేసరికి గొట్టంలో నీరు బాగా దిగింది. వానల్లోపు పని మొదలెట్టాలని కాంట్రాక్టరు నెత్తిన కూర్చున్నాడు. ఇసుక తీసేయొచ్చని సంతకం పెట్టేశాను.

గట్టు అవతలి మడి గున్నమ్మది. అరవై ఏళ్లుంటాయి, చిన్నప్పటి నుంచీ ఉప్పు పనే. ఇసుక ఎత్తుకెళ్లే లారీలు చూసి గట్టెక్కి వచ్చింది.

“ఏటి బాబూ, అప్పుడే తీసేత్తన్నారేటి? మట్టి మగ్గనేదు.”

“మగ్గడానికి మామిడికాయా అమ్మా?” అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. గుట్ట అంచున మడమతో గట్టిగా తొక్కి కాలు తీసింది. “సూడు.” ఆ గుంటలోకి నీరు ఊరింది. మడిలోకి ఉప్పునీరు పెట్టే ముందు వాళ్లు నేలను రోజుల తరబడి తొక్కుతారట. మడమ గుంట పొడిగా నిలిస్తేనే మగ్గినట్టు.

“నా గొట్టం వేరేలా చెబుతోందమ్మా.”

“గొట్టానికేటి తెలుసు బాబూ? నీ టాంకీ కుంగితే నా మడి పొంగుతాది. నా ఉప్పంతా బురదే.”

బరువు కింద మెత్తని మట్టి నలిగి పక్కన పైకి తన్నుకొస్తుందని మేం బొమ్మలు గీసి లెక్కలు కట్టేదాన్ని ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది! లారీలు ఆపించాను. కాంట్రాక్టరు నానా మాటలూ అన్నాడు. పడ్డాను. గొట్టం కడిగిస్తే ఉప్పూ బురదా కలిసి గట్టిపడిన ముద్ద ఊడివచ్చింది. అది అడ్డుపడి కింది నీరు పైకి రాలేదు, పైనున్న కాస్త నీరూ ఎండకు తగ్గిపోయింది. దాన్నే ఒత్తిడి తగ్గడం అనుకున్నాను, తెలివైనవాణ్ణి!

మర్నాడు వెళ్లి చూద్దును కదా, నేలకు మనిషెత్తు పైనున్న గొట్టం అంచు దాటి నీరు పొర్లుతోంది. గుట్ట బరువును ఇంకా మట్టి కాదు, ఆ నీరే మోస్తోందన్నమాట. అమ్మో అనుకున్నాను.

మరో ఏడాది ఆగాం. పై వేసవిలో గున్నమ్మ మళ్లీ తొక్కింది. గుంట పొడిగా నిలిచింది. కడిగిన గొట్టమూ అదే చెప్పింది.

“మగ్గినాది. ఇంక కట్టుకో బాబూ.”

ట్యాంకు కట్టి, కొంచెం కొంచెంగా నీళ్లు నింపి పరీక్షించిన రోజుల్లో అందరూ ట్యాంకును చూశారు. నేను గట్టు మీద నిలబడి ఆమె మడినే చూశాను. ఎక్కడా పొంగలేదు, ఉప్పు తెల్లగా పరుచుకుని ఉంది.

గొట్టం అబద్ధమాడదు కానీ దాని నోరు మూసుకుపోవచ్చు. అందుకే ఇప్పటికీ మెత్తని నేల మీద సంతకం పెట్టే ముందు బూట్లు విప్పుతాను. జూనియర్లు నవ్వుకుంటారు. నేనూ ఒకప్పుడు నవ్వినవాణ్ణే.